నడుము నొప్పి, అరికాలి మచ్చ



మన సిరొంచ తాలూకాలో నడుము నొప్పి ఎరుగని ఇల్లు వెతికితే దొరకడం కష్టం. వానాకాలంలో వరినాట్లు, చలికాలం దాటగానే మిరపతోటల్లో కాయ ఏరడం, ఆ వెంటనే ఇప్పపూవు, తునికాకు. ఏడాదిలో సగం రోజులు నడుము వంచి చేసే పనులే. అందువల్ల ఎవరైనా నడుము నొప్పి అంటే ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోరు. పని ఎక్కువైంది, రెండు రోజులు ఊరుకో అంటారు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే. కొద్ది రోజులకో, కొద్ది వారాలకో నొప్పి దానంతట అదే పోతుంది కూడా. ఈనాటి ప్రసంగం అలా పోని కొద్దిమంది గురించి.

ఆ కొద్దిమందిలోనూ బహు కొద్దిమందికి వచ్చే జబ్బు ఒకటుంది. అది పుట్టేది చర్మం మీద, బయటపడేది వెన్నెముకలో. ఇంత అరుదైన జబ్బు గురించి రేడియోలో చెప్పడం ఎందుకని మీరు అడగవచ్చు. దీనిని పట్టుకోవడానికి కావలసిన మొదటి ఆధారం చాలాసార్లు రోగి అరికాలిలోనే ఉంటుంది. దానిని చూడటానికి యంత్రం అక్కరలేదు, నాగపూర్ వెళ్లనక్కరలేదు. పైగా ఇది వెన్నులో చూపే గుర్తులు, మన దేశంలో ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించే వెన్ను క్షయ చూపే గుర్తులు చాలావరకు ఒకటే. కనుక ఈ సంగతి తెలిస్తే రెండు జబ్బుల వాళ్లకూ మేలు. నేను డాక్టరును కాను, బడిలో సైన్సు పాఠం చెప్పేవాణ్ణి. మందుల విషయం డాక్టర్లకే వదిలి, గుర్తుపట్టే విషయమే ఎక్కువగా చెబుతాను.

ముందుగా వెన్నెముక సంగతి. తెలుగులో మనం వెన్నుపూస అంటాం. పూస అంటే దండలో గుచ్చే పూసే. మరాఠీలో దానినే మణకా అంటారు. మణకా అన్నా పూసే. రెండు భాషల వాళ్లూ ఒకే పోలిక పట్టుకున్నారు, ఆ పోలిక చాలా సరైనది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పూసలు, వాటి మధ్య మెత్తటి చక్రాలు, పూసల వెనక ఉన్న రంధ్రంలో దారంలాగా దిగే వెన్నుపాము. మెదడు నుంచి కాళ్లకు, మలమూత్ర ద్వారాలకు వెళ్లే ఆజ్ఞలన్నీ ఈ దారం గుండానే వెళతాయి. దారం చుట్టూ ఉన్న ఖాళీ బాగా ఇరుకు. పూస కుంగినా, పూసలో ఏదైనా పెరిగి వెనక్కి పొడుచుకొచ్చినా నలిగేది దారమే. దారం నలిగితే కాళ్లు పడిపోతాయి.

ఇక చర్మపు కాన్సరు. ఇందులో మూడు ముఖ్యమైన రకాలున్నాయి. మొదటిది ముఖం మీద, ముక్కు పక్కన పుట్టి, ఉన్నచోటే నిదానంగా తినుకుంటూ పోయేది. అది దూరపు అవయవాలకు పాకడం అపురూపం. రెండోది ఎక్కువగా పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో పుడుతుంది. ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ ఇటువంటి పుండ్లను 1828లో వర్ణించాడు, అందుకే వాటికి ఆయన పేరే ఉంది. కాశ్మీరులో చలికి నిప్పుల కుంపటిని, అంటే కాంగ్డీని, బట్టల లోపల పెట్టుకుంటారు. ఆ వేడి తగిలి తగిలి కడుపు మీద, తొడల మీద కాన్సరు రావడాన్ని ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే రాసిపెట్టాడు. ఈ రకం బిళ్లలకు పాకుతుంది, అప్పుడప్పుడు ఎముకలకూ పాకుతుంది. చిన్నప్పుడు చలిమంటలో కాలిన కాలు, ముప్పై ఏళ్ల తర్వాత ఆ మచ్చ మీదే ఒక పుండు లేచి మానకపోతే, అది మామూలు పుండు అనుకోకూడదు.

మూడోదే ఈనాటి కథలో ముఖ్యమైనది. పేరు మెలనోమా. మన చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే కాన్సరు ఇది. దీనిని ఒక ప్రత్యేకమైన జబ్బుగా 1804లో మొదట వివరించినవాడు లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు. డాక్టర్లు మెడలో వేసుకునే స్టెతస్కోపును 1816లో కనిపెట్టింది కూడా ఆయనే. శవాలను కోసి చూసినప్పుడు ఊపిరితిత్తుల్లో, ఇతర అవయవాల్లో నల్లటి గడ్డలు కనబడేవి. అవి మసి వల్ల వచ్చినవి కావు, కాన్సరు గడ్డలని చెప్పాడు.

ఆస్ట్రేలియా, యూరపు, అమెరికాల్లోని తెల్లవారికి ఈ జబ్బు చాలా ఎక్కువ. అక్కడ ఎండ దీనికి పెద్ద కారణం. మన దేశంలో ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా రాదు. మన చర్మంలోని నలుపే మనకు గొడుగు. అయితే ఆ గొడుగు పట్టని చోట్లు ఉన్నాయి. అరికాలు, అరచేయి, గోళ్ల కింద, నోటి లోపల, మలద్వారం దగ్గర. మనవాళ్లకు మెలనోమా వచ్చినప్పుడు అది ఎక్కువగా వచ్చేది కాలికే, అందులోనూ అరికాలికే. ఎండకు, దీనికి సంబంధం లేదు. నల్లగా ఉన్నవాళ్లకు చర్మ కాన్సరు రాదు అనే మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. బాబ్ మార్లే అనే జమైకా దేశపు పాటగాడి పేరు యువకులు వినే ఉంటారు. ఆయనకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద మెలనోమా ఉందని తేలింది. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారట. 1980 సెప్టెంబరులో న్యూయార్కులో పరుగెడుతూ కుప్పకూలాడు. అప్పటికే అది మెదడుకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకింది. 1981 మే 11న చనిపోయేనాటికి ఆయనకు 36 ఏళ్లు.

కాలిలో పుట్టినది వెన్నుపూసకు ఎలా చేరుతుంది? కణితి నుంచి కణాలు విడిపోయి రక్తంలో కలుస్తాయి. అవి అన్నిచోట్లకూ వెళతాయి, కాని అన్నిచోట్లా మొలవవు. స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1889లో దీనికి విత్తనం, నేల అనే పోలిక చెప్పాడు. గింజ గాలికి ఎక్కడైనా పడుతుంది, తనకు నప్పిన నేల దొరికితేనే మొలుస్తుంది. రైతులకు ఇంతకంటే వివరం అక్కరలేదు. వెన్నుపూసలోని ఎర్రటి మూలుగు కాన్సరు గింజలకు మంచి రేగడి. దానికి తోడు దారి కూడా సుళువు. వెన్నెముక చుట్టూ ఉన్న సిరల్లో కవాటాలు లేవని, దగ్గినా ముక్కినా వాటిలో రక్తం వెనక్కి కూడా ప్రవహించగలదని అమెరికాలో బాట్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు 1940లో చూపించాడు. ప్రాణహితకు వరద వచ్చినప్పుడు చిన్న వాగుల్లోకి నీళ్లు ఎదురెక్కడం మనం చూస్తూనే ఉంటాం. ఇదీ అటువంటిదే.

ఇంతవరకు నేపథ్యం. ఇక ఈ జబ్బు వెన్నులో వేసే వేషాలు చూద్దాం. మామూలు వేషం వీపు నొప్పి, నడుము నొప్పి. కాని దాని నడక వేరు. పని వల్ల వచ్చిన నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరుగుతుంది. రాత్రి రెండింటికి, మూడింటికి నిద్ర లేపుతుంది. రోగి లేచి కూర్చుని తెల్లవార్లూ గడుపుతాడు. వారం వారానికీ పెరుగుతుందే గాని తగ్గదు. వీపు మీద వేలితో తడుతూ వస్తే ఒక్కచోట కలుక్కుమంటుంది. మామూలు నడుము నొప్పి నడుము కింది భాగంలో ఉంటుంది. కాన్సరు ఎక్కువగా దిగేది రెండు రెక్కల మధ్య, నడిమి వీపులో. అక్కడ నొప్పి మొండిగా ఉందంటే ఆలోచించవలసిందే.

రెండో వేషంలో వీపు నొప్పే ఉండదు. పూస పక్కనుంచి బయలుదేరే నరం నలిగినప్పుడు, ఆ నరం వెళ్లేచోట నొప్పి తెలుస్తుంది. రొమ్ము చుట్టూ, పొట్ట చుట్టూ బిగించి పట్టీ కట్టినట్టు ఉంటుంది. అది చూసి గ్యాసు అంటారు, గుండె అంటారు, పిత్తాశయంలో రాళ్లు అంటారు. పొట్ట స్కానింగు తీసి ఏమీ లేదని పంపించేస్తారు. పొట్టలో ఏమీ ఉండదు మరి, ఉన్నది వీపులో.

మూడోది మరీ అరుదు. పూసలో కాకుండా వెన్నుపాము లోపలే, లేదా నరం మీదే గడ్డ కడుతుంది. నొప్పి అంతగా ఉండదు. కాలు తేలిపోతున్నట్టు, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియనట్టు, నడిస్తే దూది మీద నడిచినట్టు ఉంటుంది. చిత్రంలో కూడా నరాలకు వచ్చే సాధారణ గడ్డలాగే కనిపించి, ఆపరేషన్ చేసి తెరిచినప్పుడు నల్లగా బయటపడి డాక్టర్లనే ఆశ్చర్యపరిచిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎంఆర్‌ఐలో ఒక చమత్కారం కూడా ఉంది. ఒక తరహా బొమ్మలో చాలా కణితులు నల్లగా కనిపిస్తే, మెలనిన్ రంగు ఉన్న కణితి తెల్లగా మెరుస్తుంది. అయితే కొన్ని మెలనోమాల్లో రంగే ఉండదు. అప్పుడు ఈ ఆధారం కూడా దొరకదు.

అన్నిటికంటే తికమక పెట్టేది కాలం. అరికాలి మీద మచ్చ తీయించుకున్నారు, గాయం మానింది, సంగతి మరచిపోయారు. పదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం గడిచాక అది వెన్నులో లేస్తుంది. ఇటువంటివి తక్కువే గాని ఉన్నాయి. పదేళ్ల కిందటి కాలి మచ్చకు, ఇవాళ్టి వీపు నొప్పికి సంబంధం ఉంటుందని రోగికి తోచదు. డాక్టరు అడిగితే తప్ప చెప్పరు. ఆసుపత్రి నిండా జనం ఉంటే డాక్టరూ అడగరు. మరికొందరిలో అసలు మచ్చే దొరకదు. మెలనోమా రోగుల్లో నూటికి సుమారు ముగ్గురి విషయంలో ఇది ఎక్కడ పుట్టిందో ఎంత వెతికినా తెలియదు. మన ఒంటి రక్షణ శక్తే చర్మం మీది కణితిని తినేసి ఉండవచ్చు, కాని అప్పటికే గింజలు వెళ్లిపోయి ఉంటాయి. అటువంటి చోట ఒక్కోసారి తెల్ల మచ్చ మిగులుతుంది. ఇంకొందరిలో అది మలద్వారంలో ఉంటుంది. రక్తం పడుతుంటే మొలలు అనుకుని నాటుమందు వాడుతూ ఉంటారు.

ఇప్పుడు క్షయ సంగతి. వెన్ను క్షయను 1779లో వివరంగా రాసినవాడు పెర్సివల్ పాట్ అనే లండను వైద్యుడు. ఊపిరితిత్తులకే కాదు, ఎముకలకూ క్షయ వస్తుంది. ఎముకల్లో అది ఎక్కువగా చేరేది వెన్నులోనే. వీపు నొప్పి, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, చివరికి కాళ్లు పడిపోవడం. కాన్సరు చేసేదీ ఇదే. మన వైపు ఒక పూస కుంగినట్టు ఎక్స్‌రేలో కనబడగానే ముందు తట్టేది క్షయే. అలా తట్టడం తప్పు కాదు, ఎందుకంటే పదిసార్లలో చాలాసార్లు అదే అయి ఉంటుంది. చిక్కల్లా పరీక్ష లేకుండా మందులు మొదలుపెట్టి, రోగి తగ్గకపోయినా నెలల తరబడి అవే మింగిస్తూ పోవడంలో ఉంది.

ఎక్స్‌రేలో తేడా పట్టడానికి డాక్టర్లు చూసే ఒకటి రెండు గుర్తులు మనకూ అర్థమవుతాయి. క్షయ సాధారణంగా రెండు పూసలనూ వాటి మధ్య చక్రాన్నీ కలిపి తింటుంది. కాన్సరు పూసను తింటుంది, చక్రాన్ని చాలాకాలం ముట్టదు. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో ఒక్కో పూస గుడ్లగూబ ముఖంలాగా ఉంటుంది, రెండు వైపులా రెండు కళ్లు. కాన్సరు ఒక కన్నును తినేస్తే గుడ్లగూబ కన్ను గీటినట్టు కనిపిస్తుంది. డాక్టర్లు నిజంగానే ఆ పేరుతో పిలుస్తారు. అయితే ఒక హెచ్చరిక. ఎముకలో మూడో వంతో, సగమో కరిగిపోయేదాకా ఎక్స్‌రేలో ఏమీ తెలియకపోవచ్చు. ఎక్స్‌రే బాగుంది, ఇక ఏమీ లేదు అని తేల్చేయడానికి లేదు. నొప్పి పెరుగుతూనే ఉంటే ఎంఆర్‌ఐ కావాలి. ఎంఆర్‌ఐ చూశాక కూడా క్షయో కాన్సరో ఖాయంగా చెప్పేది ఒక్కటే, సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందని మనవాళ్లకు భయం. ఆ భయానికి ఆధారం లేదు. ముక్క తీయకపోవడం వల్ల పాడైనవాళ్లే ఎక్కువ.

మనం ఇళ్లలో చేసే పనుల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. కాళ్లతో ముందుగా పుట్టినవాడు నడుము మీద తొక్కితే పట్టు వదులుతుందని మన నమ్మకం. మరాఠీవాళ్లు అటువంటివాణ్ణి పాయాళూ అంటారు, వాళ్లదీ ఇదే నమ్మకం. కండరాలు పట్టినప్పుడు తొక్కిస్తే హాయిగానే ఉంటుందేమో గాని, లోపల పూస పుచ్చిపోయి ఉంటే ఆ తొక్కుడుకు అది పిండి అవుతుంది. నడిచి వచ్చిన మనిషిని మోసుకుపోవలసి వస్తుంది. వీపు మీద వాతలు పెట్టించడం ఇంకొకటి. వాతల వల్ల పూసకు జరిగేది ఏమీ లేదు, చర్మం మాత్రం కాలుతుంది. ఇక ఊళ్లో సూది వేసేవాళ్ల సంగతి. వాళ్లు తరచు ఇచ్చేది స్టెరాయిడు. అది వాపును తగ్గిస్తుంది గనుక నొప్పి నాలుగు రోజులు మాయమవుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ సూది. ఈ నాలుగేసి రోజులు కలిసి నాలుగు నెలలు అవుతాయి.

అరికాలి దగ్గరా ఇదే తంతు. నల్లగా గట్టిపడితే ఆనెకాయ అంటాం, బ్లేడుతో చెక్కుతాం, జీడిరసం పెడతాం. గోరు నల్లబడితే రాయి తగిలిందంటాం. పుండు మానకపోతే ముల్లు విరిగి లోపల ఉందంటాం. చాలాసార్లు అవి ఆనెకాయలే, ముళ్లే. తేడా ఎక్కడంటే, దెబ్బ వల్ల గోటి కింద చేరిన నెత్తురు గోరుతోపాటు ముందుకు జరిగి కొన్ని నెలల్లో పోతుంది. మెలనోమా నలుపు జరగదు, గోటి మొదట్లో ఉన్న చర్మంలోకి కూడా పాకుతుంది. ఆనెకాయ గుండ్రంగా, ఒకే రంగులో, నొక్కుడు పడేచోట ఉంటుంది. మెలనోమా మచ్చ అంచులు సిరా ఒలికినట్టు వంకరగా, రంగు ఒకచోట బొగ్గులా, ఒకచోట గోధుమరంగుగా ఉంటుంది. నెల నెలకూ పెరుగుతుంది, ఒకనాటికి చిట్లి రక్తం కారుతుంది. అందరికీ ఉండే పుట్టుమచ్చల గురించి బెంగ పడనక్కరలేదు. కొత్తగా వచ్చినది, మారుతున్నది, మానని పుండు, ఈ మూడింటినే డాక్టరుకు చూపించాలి. చెక్కడం మాత్రం వద్దు.

ఎంత త్వరగా చూపిస్తే అంత మేలనేది మాటవరుసకు చెప్పేది కాదు. 1970లో బ్రెస్లో అనే అమెరికా వైద్యుడు ఈ కణితి చర్మంలోకి ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్లలో కొలిచాడు. రోగి గతిని ఎక్కువగా నిర్ణయించేది ఆ లోతే అని తేలింది. ఒక మిల్లీమీటరు లోపు ఉండగా కోసి తీసేస్తే నూటికి తొంభై మందికి పైగా బతికి బాగుంటారు. ఒక మిల్లీమీటరు అంటే పోస్టుకార్డులు నాలుగైదు కలిపితే వచ్చే మందం.

ఇక భాష. మన తాలూకాలో ఇది చిన్న సమస్య కాదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవి ఊళ్లలో మాడియా, గోండి. ఆసుపత్రిలో డాక్టరు నాగపూర్ నుంచో పుణె నుంచో వచ్చినవారై ఉంటారు. నొప్పి అనే మాట ఎలాగో చెబుతాం, అసలు విషయం మాత్రం మిగిలిపోతుంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పాలంటే మరాఠీలో ముంగ్యా యేతాత్ అనాలి, అంటే చీమలు వస్తున్నాయని. మన పెద్దవాళ్లూ చీమలు పాకినట్టుంది అంటారు గనుక అది గుర్తుండిపోతుంది. పుట్టుమచ్చ వాళ్లకు తీళ్. మనకు మచ్చ అంటే పుట్టుమచ్చా కావచ్చు, కాలిన మచ్చా కావచ్చు, దెబ్బ మచ్చా కావచ్చు. వాళ్లు డాగ్, వ్రణ్ అని వేరు చేస్తారు. ఏ మచ్చో విడమరచి చెప్పకపోతే చీటీలో ఒకటి బదులు ఇంకొకటి ఎక్కుతుంది. అన్నిటికంటే సరదా అయినది ఆనెకాయ. మరాఠీలో దాని పేరు కురూప్. డాక్టరు కాలు చూసి కురూప్ అంటే మన అవ్వ తనను కురూపి అన్నాడని చిన్నబుచ్చుకుని రావచ్చు. తోడు వెళ్లే పిల్లలు బడిలో రెండు భాషలూ నేర్చుకున్నవాళ్లు. నొప్పి ఎప్పుడు మొదలైంది, రాత్రి నిద్ర పడుతోందా, ఒంటి మీద ఎప్పుడైనా మచ్చో గడ్డో తీశారా, మూత్రం సరిగ్గా వస్తోందా అనే నాలుగు సంగతులు ఇంట్లోనే అడిగి తెలుసుకుని, అక్కడ మరాఠీలో చెప్పాలి. అవ్వ మనవడి ముందు మూత్రం సంగతి చెప్పడానికి సిగ్గుపడుతుంది. అప్పుడు కోడలో, కూతురో వెంట ఉండాలి.

మూత్రం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. వీపు నొప్పి ఉన్న మనిషికి కాళ్లలో బలం తగ్గినా, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చున్నప్పుడు నేలకు ఆనే భాగం మొద్దుబారినా ఇక రేపు చూద్దాం అనడానికి లేదు. వెన్నుపాము నలుగుతోందని అర్థం. పాముకాటుకు ఎలా పరుగెడతామో దీనికీ అలాగే వెళ్లాలి. మొదటి ఆసుపత్రిలోనే డెక్సామెథసోన్ అనే చవకైన సూదిమందుతో వాపును కొంత ఆపుతారు. ఊళ్లో వేసే స్టెరాయిడు సూది చెడ్డదన్నాను, ఇది మంచిదంటున్నాను, తేడా ఏమిటని అడగవచ్చు. జబ్బు ఏమిటో తెలిసి, పెద్దాసుపత్రికి పంపే లోపల నరాన్ని కాపాడటానికి ఇచ్చేది ఇది. జబ్బును దాచిపెట్టేది అది.

ఆ తర్వాత ఆపరేషను, కరెంటు పెట్టడం. 2005లో అమెరికాలో పాచెల్, ఆయన తోటి వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. రకరకాల కాన్సర్లు వెన్నుకు పాకి వెన్నుపాము నలిగిన 101 మందిని రెండు భాగాలు చేశారు. ఆపరేషన్ చేసి తర్వాత కరెంటు పెట్టినవారిలో నూటికి 84 మంది నడవగలిగారు. కరెంటు మాత్రమే పెట్టినవారిలో 57 మంది. అయితే అన్ని పరిశోధనల్లోనూ తేలిన సంగతి ఒకటుంది. ఆసుపత్రికి నడిచి వచ్చినవారే ఎక్కువగా నడిచి తిరిగి వెళతారు. కాళ్లు పూర్తిగా పడిపోయి రోజులు గడిచాక వస్తే ఎంత గొప్ప సర్జను అయినా చేయగలిగేది తక్కువ.

నయమవుతుందా అని అడుగుతారు. చాలాకాలం పాటు దీనికి సరైన మందు లేదు, వెన్నుకు పాకినవారు నెలలే బతికేవారు. 2011 నుంచి పరిస్థితి మారింది. కణితిని నేరుగా చంపకుండా, మన రక్షణ కణాలకు వేసి ఉన్న కళ్లెం తీసే మందులు వచ్చాయి. ఆ కళ్లేల రహస్యం కనిపెట్టిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజో అనే శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, 90 ఏళ్ల వయసులో, మెలనోమా కాలేయానికి, మెదడుకు పాకిందని తెలిసింది. ఆపరేషనూ కరెంటూ అయ్యాక ఈ మందు ఇచ్చారు. ఆయన 2024 డిసెంబరు 29న నూరేళ్లు దాటి కన్నుమూశారు. అందరికీ అలా జరగదు. అరికాలిలో పుట్టే రకం ఈ మందులకు తెల్లవారి రకం అంత బాగా లొంగదు, ధర కూడా మామూలు కుటుంబానికి అందేది కాదు. నొప్పి తగ్గించి, మనిషిని నడిపించి, మంచానికి అంటుకోకుండా చూడటం మాత్రం మామూలు ఆసుపత్రి మందులతో, కరెంటుతో సాధ్యమే. అది చిన్న విషయమని నేను అనుకోను.

ఎక్కడికి వెళ్లాలి? 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా ఏర్పాటు చేశారు గాని, సిరొంచ నుంచి జిల్లా కేంద్రం ఇప్పటికీ సుమారు 200 కిలోమీటర్లు. నాగపూర్ అంటే ఇంకో 170. గోదావరి దాటితే కాళేశ్వరం, అక్కడి నుంచి వరంగల్ దగ్గరే. అందుకే మనవాళ్లు అటే పోతారు. తప్పేమీ లేదు, ప్రాణం ముందు సరిహద్దు ఏమిటి. ఖర్చు దగ్గర మాత్రం సరిహద్దు ఎదురవుతుంది. మహారాష్ట్ర ప్రభుత్వపు ఆరోగ్య పథకం 2012లో మొదట ఎనిమిది జిల్లాల్లో మొదలైంది, వాటిలో మన గడ్చిరోలి ఉంది. 2017 నుంచి దాని పేరు మహాత్మా జోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన. అది ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. అవతలి ఒడ్డున ఉన్న ఆరోగ్యశ్రీ అక్కడి కార్డుల వారికి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే ఏ రాష్ట్రంలోనైనా ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో పనికొస్తుంది. బయలుదేరే ముందే ఆ కార్డు ఉందో లేదో చూసుకోవాలి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే, డబ్బు కట్టకముందే, ఆరోగ్యమిత్రను కలవాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఉద్యోగి పేరు అదే.

కాన్సరుకే ప్రత్యేకించిన ఆసుపత్రుల్లో హైదరాబాదులో ఎంఎన్‌జె, నాగపూర్‌లో రాష్ట్రసంత్ తుకడోజీ పేరిట ఉన్నది మనకు అందుబాటులోవి. వెన్ను సంగతికి వస్తే, అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు స్థాపించిన సెర్చ్ సంస్థ మన జిల్లా గ్రామాల్లోనే నడుము నొప్పి మీద పరిశోధన చేసింది. శోధ్‌గ్రామ్‌లోని వాళ్ల ఆసుపత్రికి ముంబయి నుంచి వెన్నెముక సర్జన్లు వచ్చి ఆపరేషన్లు చేశారు. భామ్రాగఢ్ వైపు వారికి హేమల్కసలో 1973లో మొదలైన లోక్ బిరాదరీ ఆసుపత్రి తెలిసినదే.

చివరగా, కాలి మీదో, ఇంకెక్కడో నల్ల మచ్చ, గడ్డ ఇదివరకే తీయించుకున్నవారికి ఒక మాట. తీసిన ముక్కను పరీక్షకు పంపారా, రిపోర్టులో ఏమని వచ్చింది అని అడిగి ఆ కాగితం తీసుకోండి. దానిని ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషన్ కార్డుతో కలిపి దాచండి. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, వీపు నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజున ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టండి. మచ్చ తీసిన కాలి వైపు గజ్జల్లో బిళ్ల కట్టిందేమో స్నానం చేసేటప్పుడు నెలకొకసారి తడిమి చూసుకోండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు అరికాలు వంగి చూసుకోవడం కుదరదు. పిల్లలు పట్టుకుని చూడాలి, లేదా నేల మీద అద్దం పెట్టి దాని పైన కాలు ఎత్తిపట్టుకుంటే కనిపిస్తుంది.